నేపుల్స్‌లో నాపోలీ మ్యాచ్ చూడాలంటే: కొత్తగా వెళ్లే అభిమానికి దారి

ఇటలీలో ఫుట్‌బాల్ చూద్దామనుకునే మనవాళ్లు ముందు మిలాన్ వైపే చూస్తారు. అక్కడి శాన్ సీరో స్టేడియం పేరు చిన్నప్పటి నుంచి విన్నదే, విమానాలూ దొరుకుతాయి. బాగానే ఉంటుంది. కాకపోతే మిలాన్ ఊరు సగం ఏసీ మిలాన్‌ది, సగం ఇంటర్‌ది. రోమ్‌ని రోమా, లాజియో పంచుకున్నాయి. టూరిన్‌లో యువెంటస్, టోరినో. జెనోవాలో జెనోవా, సంప్డోరియా. నేపుల్స్ అంత పెద్ద ఊరే, కానీ అక్కడున్న పెద్ద క్లబ్ ఒక్కటే, నాపోలీ. అందుకే మ్యాచ్ రోజు ఊళ్లో ప్రతిపక్షమంటూ ఉండదు. కాఫీ పోసేవాడూ, టాక్సీ నడిపేవాడూ, మీ హోటల్ రిసెప్షన్‌లో కూర్చున్నావిడా అందరూ ఒకే జట్టు. మీరు టికెట్ కొన్నది స్టేడియంలో సీటుకే అయినా, వెళ్తున్నది మాత్రం ఊరందరి ఇంటి వ్యవహారంలోకి. చుట్టంగా వెళ్లేవాడు ఏం తెలుసుకుని వెళ్లాలో వరసగా చెప్తాను.

1. బయల్దేరే ముందు: కథ తెలుసుకోండి

కథ తెలియకుండా వెళ్తే ఊళ్లో కనిపించే వాటిల్లో సగం అర్థం కావు. గాడిద బొమ్మ ఎందుకుందో తెలీదు, బల్బుల దండల మధ్య దేవుడి పక్కన మారడోనా ఎందుకున్నాడో తెలీదు.

క్లబ్ పుట్టింది 1926లో. మొదట్లో గుర్తు గుర్రం. మొదటి సీజన్లో 18 మ్యాచ్‌లాడి 17 ఓడిపోయారు, ఒక్కటి డ్రా. మొత్తం వచ్చింది ఒకే ఒక్క పాయింటు. ఇది గుర్రం కాదు, గాడిద అని ఊరి జనమే ఎగతాళి చేశారు. తర్వాత ఆ ఎగతాళినే నెత్తిన పెట్టుకున్నారు. గాడిదను వాళ్లు ‘చూచ్చో’ అంటారు. నీలం చొక్కా తొడుక్కున్న గాడిద బొమ్మ ఎక్కడ కనిపించినా అది ముద్దే, వెక్కిరింత అనుకోకండి.

అసలు కథ 1984 జూలై 5న మొదలవుతుంది. బార్సిలోనా నుంచి అప్పటికి ప్రపంచ రికార్డు ధర పెట్టి డియేగో మారడోనాను కొన్నారు. ఆ రోజు మ్యాచ్ ఏమీ లేదు. ఆయన మైదానంలోకి వచ్చి, బంతిని నాలుగుసార్లు కాలితో ఆడించి, చేయి ఊపి వెళ్లిపోవడం చూడ్డానికే 70 వేలకు పైగా జనం వచ్చారు. ఇటలీ ఉత్తరాది డబ్బున్నది, ట్రోఫీలున్నది. నేపుల్స్ వాళ్లను మురికివాళ్లని, కలరా మనుషులని స్టేడియాల్లో పాటలు కట్టి తిట్టేది. ఆ నేపథ్యం తెలిస్తేనే 1985 నవంబర్ 3 నాటి గోల్ ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఆ గోల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్రత్యర్థి యువెంటస్. పెనాల్టీ బాక్సు లోపలే నాపోలీకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ దొరికింది, అంటే ముందు ఇంకొకరు బంతిని తాకాలి. గోడ కట్టిన యువెంటస్ ఆటగాళ్లు ఉండాల్సిన దూరంలో లేరు, మీదికి వచ్చేసి నిలబడ్డారు. అంత దగ్గర్నుంచి బంతి గోడ మీదుగా లేచి, మళ్లీ గోల్‌పోస్టు కిందికి దిగడానికి చోటే లేదు. నాపోలీ ఆటగాడు పెచ్చీ బంతిని కాస్త అటు నెట్టాడు. మారడోనా ఎడమకాలితో దాన్ని కొట్టలేదు, ఎత్తి పెట్టాడు. గోల్‌కీపర్ తకోని చేయి అందీ అందకుండా బంతి పైమూలలోకి వెళ్లింది. 1-0. యాభై దాటిన ఏ నేపుల్స్ మనిషినడిగినా ఆ సాయంత్రం తానెక్కడున్నాడో చెప్తాడు. వీడియో చూసుకుని వెళ్లండి, ఎవరితోనైనా మాట కలపడానికి అంతకన్నా మంచి దారి లేదు.

1987 మే 10న మొట్టమొదటి స్కుడెట్టో, అంటే ఇటలీ లీగ్ ఛాంపియన్‌షిప్. సంబరాల్లో ఎవరో వెళ్లి స్మశానం గోడ మీద, మీరేం పోగొట్టుకున్నారో మీకు తెలీదు అని లోపలున్నవాళ్లకు రాశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1989లో యూరప్ క్లబ్‌లు ఆడే యుయెఫా కప్. 1990లో రెండో స్కుడెట్టో. 1991లో డోపింగ్ పరీక్షలో దొరికి మారడోనా వెళ్లిపోయాడు. తర్వాత మెల్లగా పతనం. 2004లో క్లబ్ దివాలా తీసింది. సినిమా నిర్మాత ఆవ్రేలియో దె లావ్రెంతీస్ కొని మూడో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. మొదట పాత పేరు వాడుకునే హక్కు కూడా లేదు, ‘నాపోలీ సాకర్’ అని ఆడారు. ఆ మూడో డివిజన్ మ్యాచ్‌లకు కూడా జనం వేలకు వేలు వచ్చారు. నన్నడిగితే ట్రోఫీలకన్నా ఇదే ఈ ఊరి అసలు రికార్డు.

2007లో మళ్లీ పై డివిజన్‌కి వచ్చారు. 2023లో స్పల్లెత్తీ కోచ్‌గా, ఒసిమెన్ గోల్స్‌తో 33 ఏళ్ల తర్వాత మూడోది గెలిచారు. 2025 మే 23న కల్యారీని 2-0తో ఓడించి, ఇంటర్ కన్నా ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో నాలుగోది. కోచ్ అంతోనియో కొంతె. ఒకప్పుడు యువెంటస్ కెప్టెన్, తర్వాత వాళ్లకే కోచ్. అలాంటివాణ్ణి కూడా కళ్లకద్దుకున్నారు. ఆ చివరి మ్యాచ్‌లో గాల్లో పక్కకు తేలి మొదటి గోల్ కొట్టిన స్కాట్లాండ్ మనిషి మెక్‌టొమినేని ఊళ్లో ‘మెక్‌ఫ్రాతమ్’ అంటారు. ‘ఫ్రాతమ్’ అంటే వాళ్ల యాసలో మా అన్న. ఇంత తెలుసుకుంటే చాలు.

2. ఏ మ్యాచ్, ఏ తేదీ

లీగ్ ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. మొత్తం 38 రౌండ్లు, అందులో సగం సొంతూళ్లో. క్యాలెండర్ ముందే వస్తుంది కానీ అందులో ఉన్నది ‘ఆ వారాంతం’ అని మాత్రమే. ఖచ్చితమైన రోజు, గంట టీవీవాళ్ల అవసరాన్ని బట్టి కొన్ని వారాల ముందు మాత్రమే తేలుస్తారు. శనివారం మధ్యాహ్నం కావచ్చు, సోమవారం రాత్రి కావచ్చు. కాబట్టి శుక్రవారం నుంచి మంగళవారం పొద్దుటి దాకా ఊళ్లోనే ఉండేలా చూసుకోండి. ఆదివారం దిగి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయే ప్లాన్ వేసుకున్నవాళ్లు మ్యాచ్ బదులు టీవీ చూసి వస్తారు.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. మ్యాచ్ గంట తేలేదాకా ఆగకండి, వారాంతం చూసుకుని వీసాకి వెళ్లిపోండి.

మొదటిసారికి యువెంటస్, ఇంటర్, మిలాన్, రోమా మ్యాచ్‌లు వద్దంటాను. టికెట్లు ముందే ఊరివాళ్లకు అయిపోతాయి, ధర మండుతుంది, పోలీసు కట్టడి ఎక్కువ, గాల్లో ఉద్రిక్తత ఉంటుంది. లెచ్చే, కల్యారీ, ఉదీనేజె లాంటి జట్టు వచ్చినప్పుడు వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ దొరికితే అదృష్టమే. కుటుంబాలు పిల్లల్ని తీసుకొస్తాయి, మీ పక్క సీటువాళ్లకు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

రాత్రి 8:45 మ్యాచ్‌లు ఇంకో రుచి. ఇంట్లో కూర్చుని చూసే మన అభిమానులకు తెలిసిన గంటే అది. చలికాలంలో మనకు రాత్రి 1:15, వేసవిలో 12:15.

3. టికెట్

క్లబ్ సొంత వెబ్‌సైట్ నుంచి వెళ్లే అధికారిక అమ్మకం దగ్గరే కొనండి. ముందు సీజన్ టికెట్, క్లబ్ కార్డు ఉన్నవాళ్లకు అవకాశమిచ్చి, తర్వాత అందరికీ తెరిచే మ్యాచ్‌లుంటాయి. అలా తెరిచిన రోజే చూసుకోవాలి. కొన్ని మ్యాచ్‌లకు ఎవరికి అమ్మొచ్చు, ఎవరికి అమ్మకూడదని అధికారులు షరతులు పెడతారు. అమ్మకం పేజీలో ఆ షరతులు చదివాకే డబ్బు కట్టండి.

ఇటలీలో టికెట్ మీద మనిషి పేరుంటుంది. కొనేటప్పుడు పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అడుగుతారు, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మనవాళ్లకు ఇక్కడే తిరకాసు. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఇటలీ ఫారం రెండూ విడివిడిగా అడుగుతుంది. అలాంటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న మాటల్నే రెండుగా విడగొట్టి రాయండి. ఇనిషియల్స్ వద్దు, వాడుక పేరు అసలే వద్దు. రెండు గళ్లూ కలిపి చదివితే పాస్‌పోర్టు పేరు రావాలి. అంతే సూత్రం. మ్యాచ్ రోజు అసలు పాస్‌పోర్టే జేబులో ఉంచుకోండి. ఫోన్లో ఫోటో చాలదు.

వేరేవాళ్ల పేరు మీదున్న టికెట్ స్టేడియం బయట ఎవరైనా చేతిలో పెడితే నవ్వి ముందుకు నడవండి.

ఇక ఎక్కడ కూర్చోవాలి. రెండు గోల్‌పోస్టుల వెనకున్న వంపుల్ని ‘కుర్వా’ అంటారు. కుర్వా-ఎ, కుర్వా-బి. ఇవి అల్ట్రాల, అంటే వీరాభిమాన బృందాల కోటలు. డప్పులు, జెండాలు, తొంభై నిమిషాలూ నిలబడి పాడటం. అక్కడ సీటు నంబరు అడిగేవాడు వెర్రివాడు. పొడుగు వైపుల్లో ఒకటి ‘దిస్తింతి’, దానికెదురుగా ‘త్రిబూనా’లు. త్రిబూనా ఖరీదు. మొదటిసారికి దిస్తింతిలో పై అంతస్తు తీసుకోండి. ఆట మొత్తం కనిపిస్తుంది, రెండు కుర్వాలూ కనిపిస్తాయి, పిల్లలున్నా ఇబ్బంది లేదు. ఎక్కడైనా సరే, కింది అంతస్తు మాత్రం వద్దు. మైదానం చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది, కింద కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాడి అరుపును బట్టి ఊహించుకోవాలి.

కుర్వాలోకి వెళ్లాలని పట్టుదలగా ఉంటే వెళ్లండి, కానీ అక్కడ ఫోన్ ఎత్తి చుట్టూ మనుషుల మొహాలు వీడియో తీయకండి. వాళ్లకది నచ్చదు, అందులో వాళ్లది తప్పని కూడా నేననను.

4. ఊరు చేరడం

రోమ్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలకు అటూ ఇటుగా నాపోలీ చెంత్రాలే స్టేషన్ వస్తుంది. విమానంలో దిగితే కపోదిచీనో ఎయిర్‌పోర్టు నుంచి అలీబస్ అనే బస్సు నేరుగా ఈ స్టేషన్‌కీ, ఓడరేవుకీ వెళ్తుంది. స్టేషన్ ముందున్న గరిబాల్దీ కూడలిలో సంచి ముందుకు వేసుకుని నడవండి. జేబుదొంగల విషయంలో మన సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటారో అంతే, అంతకుమించి భయపడనక్కర్లేదు.

బస ఎక్కడ? స్టేడియం పశ్చిమాన ఫువోరిగ్రోత్తా పేటలో ఉంది, అది మామూలు నివాస ప్రాంతం. పాత ఊళ్లోనో, మోంతెసాంతో చుట్టుపక్కలో ఉంటే రెండు పనులూ అవుతాయి, ఊరూ చూడొచ్చు, రైలూ దగ్గర.

5. మ్యాచ్ ముందు రోజు: మారడోనా దారిలో

ఈ రోజును మాత్రం వదులుకోకండి.

పొద్దున్నే క్వార్తియేరీ స్పన్యోలీకి వెళ్లండి. ఇరుకు సందులు, పైన ఆరేసిన బట్టలు, రెండు భుజాలు తగిలేంత దగ్గరగా దూసుకుపోయే స్కూటర్లు. ఎమానువేలె దె దేవో వీధి ఎక్కుతూ పోతే ఒక ఖాళీ జాగా వస్తుంది, ఎదురుగా అపార్టుమెంటు గోడ మీద నిలువెత్తు మారడోనా. 1990లో రెండో స్కుడెట్టో గెలిచినప్పుడు మారియో ఫిలార్దీ అనే స్థానిక కుర్రాడు వేశాడు. తర్వాత రంగు వెలిసిపోయింది, పైగా బొమ్మలో మొహం ఉన్నచోట ఎవరింటికో కిటికీ వచ్చింది. 2016లో బొమ్మను బాగుచేశారు, మరుసటి ఏడాది అర్జెంటీనా చిత్రకారుడు బొసొలెత్తీ మొహాన్ని కొత్తగా వేశాడు. కిటికీ రెక్కలు మూసి ఉంటేనే మొహం పూర్తిగా ఉంటుంది. కింద పూలు, కండువాలు, చేత్తో రాసిన చీటీలు, ప్రపంచంలో ఏయే మూలల నుంచో తెచ్చి వేలాడదీసిన జెర్సీలు. 2020 నవంబర్ 25న ఆయన పోయాక ఇది నిజంగానే గుడి అయింది. అక్కడ మాట తగ్గించి నిలబడండి. అది జనం కాపురమున్న వాకిలి కూడానని గుర్తుంచుకోండి.

అక్కడి నుంచి పాత ఊరి నడిబొడ్డులో స్పక్కానాపోలీ దారిన నడిస్తే బార్ నీలో ఉంది. చిన్న కాఫీ కొట్టు. గోడకు ఒక మందిరం, అందులో మారడోనా తల వెంట్రుక. విమానంలో ఆయన కూర్చున్న సీటు నుంచి తీసి దాచిందని కథ. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఒక నియమముంది: ఫోటో తీసుకునేవాళ్లు కాఫీ తాగాలి. న్యాయమైన నియమం.

దాని దగ్గరే శాన్ గ్రెగోరియో అర్మేనో వీధి. క్రిస్మస్‌కి పెట్టే బాలయేసు కొలువుల బొమ్మలు తరతరాలుగా చేసే వీధి ఇది. గొర్రెల కాపర్లు, దేవదూతల పక్కనే ఈ సీజన్ ఆటగాళ్ల మట్టిబొమ్మలు కూడా వరసగా నిలబడి ఉంటాయి. వెళ్లిపోయిన ఆటగాడి బొమ్మ ఏ అరలోకి పోయిందో చూస్తే ఊరి అభిప్రాయం తెలిసిపోతుంది.

ఆ వీధుల్లోనే ఎర్రటి కొమ్ము బొమ్మలు అమ్ముతారు. దిష్టి తగలకుండా పెట్టుకునేవి. ఒకటి కొనుక్కోండి. దాని అవసరం తర్వాత చెప్తాను.

6. తిండి

పిజ్జా గురించి నేను చెప్పేదేముంది. 2017లో నేపుల్స్ పిజ్జా చేసే విద్యను యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టింది. శాకాహారులకు చింత లేని ఊరు ఇది: మార్గరీత, లేదా చీజ్ కూడా లేని మరినారా. మ్యాచ్ రోజు కూర్చుని తినే తీరిక లేకపోతే ‘పోర్తఫోల్యో’ అడగండి, నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, నడుస్తూ తినొచ్చు.

ఒక హెచ్చరిక. ‘తరాల్లీ’ అని మిరియాలు, బాదం వేసిన కరకరలాడే జంతికల్లాంటివి దొరుకుతాయి. సంప్రదాయం ప్రకారం వాటిలో పంది కొవ్వు వేస్తారు. పొరలు పొరలుగా ఉండే స్ఫొల్యతెల్లా మిఠాయిలోనూ పాత పద్ధతిలో అదే వాడతారు. తినని వాళ్లు ముందే అడగండి, ‘స్త్రుత్తో’ ఉందా అంటే అర్థమవుతుంది.

కాఫీ నిలబడి తాగాలి. రెండు గుక్కలు. చాలాచోట్ల ముందు కౌంటర్లో డబ్బు కట్టి, చీటీ చూపిస్తే పోస్తారు. రెండు కాఫీలకు డబ్బిచ్చి ఒకటే తాగి, రెండోది తర్వాత వచ్చే పేదవాడికి వదిలేసే ‘సొస్పేజొ’ ఆనవాయితీ ఈ ఊరిదే.

7. ఏం వేసుకోవాలి, ఏం అనకూడదు

లేత నీలం రంగు కండువా ఒకటి చాలు. మెడలో వేసుకోగానే మీరు వాళ్లవాళ్లయిపోతారు. జెర్సీ కావాలంటే క్లబ్ దుకాణంలో కొనండి. వీధి బండ్ల మీద నకళ్లు సగానికి సగం తక్కువకు దొరుకుతాయి, కానీ ఇటలీలో నకిలీ సరుకు కొన్నవాళ్లకూ జరిమానా ఉంది.

నలుపు తెలుపు చారల చొక్కా పెట్టెలోనే ఉండనివ్వండి, అది యువెంటస్ రంగు. మామూలు ఫ్యాషన్ చొక్కా అయినా సరే. వీపు మీద పదో నంబరు ఉంటే అది మారడోనాది మాత్రమే. 2000లో ఆ నంబరును క్లబ్ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది. హిగ్వాయిన్ పేరున్న పాత జెర్సీ ఇంట్లో ఉంటే తీసుకెళ్లకండి. 2015-16లో ఒకే సీజన్లో 36 లీగ్ గోల్స్ కొట్టి, మరుసటి వేసవిలో 9 కోట్ల యూరోలకు యువెంటస్‌కి వెళ్లాడు. ఆ గాయం ఇంకా పచ్చిదే. దానికి బదులు బెల్జియం నుంచి వచ్చిన మెర్తెన్స్ పేరెత్తి చూడండి, మొహాలు వెలుగుతాయి. 148 గోల్స్‌తో క్లబ్ చరిత్రలో అందరికన్నా పైనున్నాడు. ఊరివాళ్లు అతనికి ‘చీరో’ అని, తమ ఊళ్లో మగపిల్లలకు పెట్టుకునే పేరే పెట్టుకున్నారు.

ఇక కొమ్ము సంగతి. జట్టు బాగా ఆడుతున్న సీజన్లో వెళ్లారనుకోండి, ఈసారి స్కుడెట్టో మనదేనా అని మాత్రం ఎవర్నీ అడగకండి. అది గెలిచేదాకా ఆ మాట నోట రాకూడదు. అడిగారో, ఎదుటివాడి చేయి వెంటనే జేబులోని కొమ్ము మీదికి వెళ్తుంది. మీ జేబులోనూ ఒకటుంటే, అది తీసి చూపించి క్షమాపణ చెప్పుకోవచ్చు.

వెసూవియస్ అగ్నిపర్వతం మీద హాస్యాలు కూడా వద్దు. ఆ కొండ లేచి వాళ్లను కాల్చేయాలని ఉత్తరాది స్టేడియాల్లో దశాబ్దాలుగా పాడుతున్నారు. మనకది తమాషా, వాళ్లకది తిట్టు.

8. స్టేడియానికి దారి

మెట్రో 2వ లైను. గరిబాల్దీలో ఎక్కి కాంపీ ఫ్లెగ్రేయీ స్టేషన్లో దిగితే స్టేడియం నడిచే దూరంలోనే. మోంతెసాంతో నుంచి కుమానా అనే చిన్న రైలు కూడా ఉంది, మోస్త్రా దగ్గర దిగాలి. కారు, టాక్సీ ఆలోచన మానుకోండి. మ్యాచ్‌కి కనీసం గంటన్నర ముందు అక్కడుండండి. రైల్లో నీలం కండువాల మధ్య నిలబడటానికే సగం డబ్బు చెల్లు.

సీసా మూతలు గేటు దగ్గర తీసేస్తారు. మూత ఊడిన సీసా పట్టుకుని మెట్లెక్కడం తిప్పలే, దాహం తీర్చుకునే లోపలికి వెళ్లండి. గాజు వస్తువులు, పొడవాటి గొడుగు, పెద్ద సంచులు తేవద్దు. ముందు బయటి వలయం దగ్గర టికెట్, పాస్‌పోర్టు చూస్తారు, లోపలి గేటు దగ్గర మళ్లీ తనిఖీ. టికెట్ మీద గేటు, సెక్టారు, వరస అన్నీ ఉంటాయి. తప్పు వైపు వెళ్తే స్టేడియం చుట్టూ సగం తిరగాలి.

1959 డిసెంబర్‌లో యువెంటస్‌ని 2-1తో ఓడించి ప్రారంభించిన స్టేడియం ఇది. ఇప్పుడు దీనికి మారడోనా పేరే ఉంది, కానీ అప్పటి నుంచి ఆయన పోయేదాకా పేరు సాన్ పావోలో. ముసలివాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇటలీ, యుగోస్లావియా సెమీఫైనల్ ఇక్కడే జరిగింది. 1-1తో ముగిస్తే ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో లాటరీ తీసి తేల్చారు. అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆడిన భారత జట్టు ఇదే దేశంలో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది. పక్క సీటువాడికి మన గురించి చెప్పడానికి ఇదొకటి పనికొస్తుంది.

తలెత్తితే ఖాళీగా ఉన్న మూడో అంతస్తు కనిపిస్తుంది. 1990 ప్రపంచకప్ కోసం కట్టారు. జనం గెంతితే పేటలో ఇళ్లు అదురుతున్నాయని తర్వాత మూసేశారు.

9. లోపల

కిక్‌ఆఫ్‌కి ముందు జట్టు పేర్లు చదువుతారు. అనౌన్సర్ నంబరు, మొదటి పేరు మాత్రమే అంటాడు. ఇంటిపేరు జనం అరవాలి. అందుకని ఆ రోజు పదకొండు మంది ఇంటిపేర్లు రైల్లోనే చూసుకోండి. గోల్ పడ్డాక ఇదే మళ్లీ జరుగుతుంది, కానీ ఒక్కసారితో కాదు. అనౌన్సర్ గోల్ కొట్టినవాడి పేరు అంటాడు, యాభై వేల గొంతులు ఇంటిపేరు అంటాయి, మళ్లీ అంటాడు, మళ్లీ అంటారు, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా. అప్పుడు గొంతు దాచుకుంటే పక్కవాడు మీ వైపు చూస్తాడు.

ఛాంపియన్స్ లీగ్ రాత్రి అయితే, గీతం చివర్లో ‘ద ఛాంపియన్స్’ అనే చోట స్టేడియం మొత్తం ఒక్కసారిగా అరుస్తుంది. ఆ అరుపుకి ఒళ్లు గగుర్పొడవని ప్రత్యర్థి ఆటగాడు ఉండడు.

గెలిచాక నేపుల్స్ యాసలో ఉన్న ఒక పాత పాట, ‘ఓ సుర్దాతొ న్నమ్మురాతొ’, ఎత్తుకుంటారు. 1915లో రాసింది, యుద్ధానికి వెళ్లిన సిపాయి తన ప్రియురాలిని తలచుకునే పాట. మార్చ్ పాట కాదు, తిట్టు పాట కాదు, విరహగీతం. పల్లవి ముందే విని వెళ్తే మీరూ కలపొచ్చు. అది పాడుతుండగా గేటు వైపు పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

జట్టు చెత్తగా ఆడితే ఈల వేస్తారు. అక్కడ ఈల అంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. మన సినిమా హాలు అలవాటు కొద్దీ గోల్‌కి ఈల వేయకండి.

10. మ్యాచ్ అయ్యాక

విజిల్ ఊదగానే అందరితో పాటు మెట్రోకి పరిగెత్తితే స్టేషన్ మెట్ల మీద ఇరుక్కుంటారు. అరగంట సీట్లోనే కూర్చోండి, లేదా పేటలో ఏదైనా బార్ దగ్గర ఆగండి. ఓడిన రోజు రెఫరీ గురించి వాళ్లే మాట్లాడతారు, మీరు తల ఊపితే చాలు.

రాత్రి 8:45 మ్యాచ్ ముగిసేసరికి పదిన్నర దాటుతుంది. మీరు గరిబాల్దీ చేరేటప్పటికి రోమ్‌కి హైస్పీడ్ రైళ్లు ఉండవు. ఆ రాత్రికి గది ముందే తీసుకుని, తిరుగు రైలు మరుసటి రోజు పదకొండు తర్వాతే పెట్టుకోండి. పొద్దున కాఫీ కొట్టులో మ్యాచ్ మళ్లీ మొదటి నిమిషం నుంచి ఆడతారు, దానికి టికెట్ అక్కర్లేదు.